మహారాజశ్రీ లీజు గారికి

మహారాజశ్రీ ఫ్లాట్ లీజు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అనడానికి వీల్లేదు. మీ ఆయుష్షు ఏటా ఒక ఏడు తగ్గుతోంది, దానికి మందు ఖర్చు మాత్రం మేం పెట్టుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ కొంటే, స్థలంలో అవిభాజ్య వాటా ఇన్ని గజాలని దస్తావేజులో రాసిస్తారు. ఆ అలవాటుతో లండన్ ఈస్ట్ హామ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్ కొని నా వాటా ఎంతండీ అని అడిగినవాడికి మీరు చూపించేది గుండుసున్నా. స్థలం దాని అసలు యజమాని అయిన ఫ్రీహోల్డర్‌ది. మీ గడువు తీరిననాడు ఫ్లాటూ ఆయనదే. 99 ఏళ్లనో 125 ఏళ్లనో ఘనంగా చెప్పుకునే మీరు నిజానికి చాలా పొడుగాటి అద్దె ఒప్పందం.

పైగా వయసు దాస్తారు. 1982 మార్చి 25 నుంచి 125 ఏళ్లు అని మీ మొదటి పేజీలో ఉంటుంది. సంతకాలు 1984లో పడి ఉంటాయి. కొన్నవాడు పాపం తను కొన్న ఏడాది నుంచో, సంతకాల తేదీ నుంచో లెక్కేసుకుని ఇంకా బోలెడు టైముందని కూర్చుంటాడు. లెక్క మొదలయ్యేది 1982 నుంచే. అంటే 2027 మార్చికే మీకు మిగిలేది 80.

ఆ 80 దగ్గరే కదా మీరు మాటువేసేది! పొడిగించాక 3,00,000 పౌండ్లు పలికే ఫ్లాట్, ఫ్రీహోల్డర్‌కి ఏటా కట్టే స్థలపు అద్దె, అదే గ్రౌండ్ రెంట్, 250 పౌండ్లు అనుకుందాం. 80 ఏళ్ల మీద ఒక్క రోజు మిగిలి ఉన్నా, మీ గడువు పొడిగించుకోవడానికి ఫ్రీహోల్డర్‌కి కట్టే ధరలో ఉండేవి రెండు ముక్కలే. ఫ్రీహోల్డర్ పోగొట్టుకునే అద్దె మొత్తాన్ని 6 శాతం చొప్పున ఇవాళ్టి విలువకు దించితే సుమారు 4,100. 80 ఏళ్ల తర్వాత ఆయన చేతికి రావాల్సిన ఫ్లాట్ ఇంకో 90 ఏళ్లు వెనక్కి పోతుంది కాబట్టి, ఆ నష్టం 5 శాతం లెక్కన సుమారు 6,000. మొత్తం పదివేల చిల్లర. (ఆ 5 శాతం స్పోర్టెల్లి కేసులో తేల్చింది. అప్పటి నుంచి విలువ కట్టే సర్వేయర్లు ఎక్కువమంది అదే పట్టుకున్నారు.)

ఒక్క ఏడాది గడిచి 79కి దిగండి. ఆ రెండు ముక్కలూ కలిపి పెరిగేది మూడొందలే. కానీ మూడోది వచ్చి పడుతుంది, దాని పేరు మ్యారేజ్ వాల్యూ. లీజు పొడిగిస్తే ఫ్లాట్ విలువ పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలలోంచి పై రెండు ముక్కలూ తీసేసి, మిగిలినదానిలో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి. పాత లీజుతో ఫ్లాట్ 2,80,000 పలుకుతుందనుకుంటే ఆ సగం సుమారు 4,800. బిల్లు 15,200 అవుతుంది. ఫ్రీహోల్డర్ చేసిన పనల్లా ఒక ఏడాది ఊరికే కూర్చోవడం.

1993 చట్టం మాకో దారి చూపించింది: పొడిగింపు కావాలని ఫ్రీహోల్డర్‌కి ఇచ్చే సెక్షన్ 42 నోటీసు. పాత గడువుకు ఇంకో 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ ఏటా ఒక మిరియపు గింజకు పడిపోతుంది, ఆ గింజనూ ఎవరూ అడగరు. నోటీసు ఇచ్చిన తేదీ దగ్గరే మీ వయసు ఆగిపోతుంది కాబట్టి, 80కి పైన మిగిలి ఉండగా నోటీసు చేరితే చాలు, బేరం ఎన్నాళ్లు సాగినా మ్యారేజ్ వాల్యూ రాదు.

కానీ ఆ నోటీసులో మేం చెప్పే ధర నమ్మేలా ఉండాలి. వంద పౌండ్లని రాసి సరిపెట్టబోతే నోటీసే చెల్లదని 1998లో కేడొగన్, మోరిస్ కేసులో తేల్చారు. ఫ్రీహోల్డర్ బదులుగా ఇచ్చే కౌంటర్ నోటీసులో రాసే అంకెకు మాత్రం ఆ నియమం లేదని 2005లో ఇంకో తీర్పు! మేం తొమ్మిది వేలంటే ఆయన నలభై అనొచ్చు. మా సర్వేయర్‌కీ, మా సాలిసిటర్‌కీ మేమే ఇచ్చుకుంటాం. ఆయన సర్వేయర్‌కీ, ఆయన సాలిసిటర్‌కీ సముచిత ఖర్చు సెక్షన్ 60 కింద మళ్లీ మేమే. పైగా డిపాజిట్ అడిగే హక్కు ఆయనకుంది: మేం రాసిన ధరలో పదో వంతు, లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది.

గడువులు చూద్దాం. కౌంటర్ నోటీసుకు ఆయనకు కనీసం రెండు నెలలు ఇవ్వాలి. అది వచ్చాక ధర కుదరకపోతే, రెండు నెలలు నిండిన తర్వాత, ఆరు నెలలు దాటక ముందు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మాట్లాడుకుందాం లెండి అని అవతలివాళ్లు తీయగా ఈమెయిళ్లు పంపుతూనే ఉంటారు, ఆరో నెల దాటిపోతుంది. నోటీసు ఉపసంహరించుకున్నట్టే లెక్క, మళ్లీ ఇవ్వాలంటే పన్నెండు నెలలు ఆగాలి. ఆ పన్నెండు నెలల్లో మీరు 81 నుంచి 80కో, 80 నుంచి 79కో. అదే ఫ్రీహోల్డర్ కౌంటర్ నోటీసు మర్చిపోతే? ఆరు నెలల్లోగా కౌంటీ కోర్టుకు వెళ్లి మేం రాసిన ధరకే పొడిగింపు తెచ్చుకోవచ్చు. ఇంత న్యాయం మీలో ఉందని మేమూ ఒప్పుకుంటాం.

నోటీసు ఇవ్వకముందే ఫ్రీహోల్డర్ నుంచి ఒక ఉత్తరం వస్తుంది చూడండి, ఆకర్షణీయమైన ఆఫర్, 28 రోజుల్లో తేల్చండి అని. అందులో 90 కలపరు, 99కో 125కో మళ్లీ నింపుతారంతే. 2022 జూన్ 30 నుంచి అమల్లో ఉన్న చట్టం వల్ల కొత్తగా కలిపిన కాలానికి గ్రౌండ్ రెంట్ వేయలేరు కానీ, పాత గడువు మిగిలినంత కాలం పాత అద్దె లాగొచ్చు, అదీ పదేళ్లకోసారి రెట్టింపయ్యే రకమైనా సరే. ధర తక్కువుందని సంతకం చేసేముందు ఆ గ్రౌండ్ రెంట్ పేరా వెతుక్కోవాలి.

2024 మే 24న రాజముద్ర పడిన చట్టంలో మీకు 990 ఏళ్ల ఆయుష్షు, మ్యారేజ్ వాల్యూ రద్దు రాశారు. దాని కింద రెండేళ్లు యజమానిగా ఉంటేగానీ నోటీసు ఇవ్వకూడదన్న పాత షరతు 2025 జనవరి 31న పోయింది. అసలు తీపి కబుర్లు అమల్లోకి రావాలంటే వేరే ఉత్తర్వులు, లెక్కకు రేట్లు ఖరారు కావాలి. అందాకా ఆగుదామా? 68 ఏళ్లు మిగిలినవాడు ఆగితే ఒక అర్థముంది, అతనికి మ్యారేజ్ వాల్యూ ఎలాగూ పడింది. 81 దగ్గర ఉన్నవాడు ఆగితే మీకు పండగే.

ఇట్లు,
మీ గోడల మధ్య కాపురముంటున్న అద్దెదారు

తా.క.: ఉమ్మడి పేర్ల మీద ఉన్న ఫ్లాట్‌కు నోటీసులో అందరి పేర్లూ ఉండాలి. ఫ్రీహోల్డర్‌కీ మాకూ మధ్యలో ఇంకొకరి లీజు, అంటే హెడ్‌లీజు, ఉంటే నోటీసు ఎవరికి చేరాలో ముందే ల్యాండ్ రిజిస్ట్రీలో చూసుకోవాలి. చేరినట్టు రుజువు దాచిపెడుతున్నాం.