మెడ వంచిన పోరాటగడ్డ

నిజాం ముందు మెడ వంచని నేల అని నల్లగొండకు పేరు. అదే నల్లగొండలో ఇప్పుడు బండెక్కినవాళ్లను ఎవరిని చూసినా మెడ భుజం మీదికి వాలి ఉంటోంది. రజాకార్లు చేయలేని పని ఫోన్ చేసింది. సూచిక బోర్డులను కూడా కాస్త ఏటవాలుగా పాతిస్తే వీళ్లకు చదువుకోను వీలుగా ఉంటుంది.

చట్టం లేక కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 184వ సెక్షన్ ప్రకారం బండి నడుపుతూ ఫోన్ చేత పట్టి వాడితే ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలుకు కూడా వీలుంది. ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం 2020 అక్టోబరు నుంచి వాడుకోనిచ్చారు.

చేతిలో ఉంటేనే కదా తప్పు! మనవాళ్లు ఫోన్‌ను హెల్మెట్‌కూ చెంపకూ మధ్య దూర్చారు. అలా దూర్చాక పట్టీ పెట్టుకోవడం కుదరదు, అది గడ్డం కింద గాలికి ఊగుతూ ఉంటుంది. పడితే హెల్మెట్ తలకంటే ముందే ఎగిరిపోతుంది. చట్టానికి మాత్రం చిక్కలేదని తృప్తి.

ఇంత సాహసం చేసి మాట్లాడేదేమిటంటే:

"యాడున్నవ్?"

"బండి మీదున్న."

"యాడిదాక వచ్చినవ్?"

"నార్కట్‌పల్లి దాటిన."

"నడుపుకుంట ఫోన్ మాట్లాడకు, పైలం. ఇంకోటి, వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ తే."

60 స్పీడంటే నిమిషానికి కిలోమీటరు. ఈ ముచ్చట అర నిమిషం సాగిందనుకుంటే, అర కిలోమీటరు రోడ్డు పెరుగు ధ్యాసలో దాటిపోయింది. కోతల కాలమైతే ఆ అర కిలోమీటరులో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లుంటాయి, వాటి మీదికి బండ్లు ఎక్కకుండా అంచున పేర్చిన రాళ్లుంటాయి, వెనక లైటు లేని ట్రాక్టరుంటుంది. బ్లూటూత్ పెట్టుకున్నా అంతే, చేతులు ఖాళీ అవుతాయి గానీ ధ్యాస ఎంగేజే.

నిజం చెప్పాలంటే నాకు నడిపేవాళ్లకన్నా ఫోన్ చేసేవాళ్ల మీదే కోపం. ఎత్తకపోతే వరసగా నాలుగుసార్లు చేస్తారు, ఆ తర్వాత దోస్తులకు చేస్తారు, సాయంత్రానికి అలుగుతారు. పక్కకు ఆపి మాట్లాడదామంటే "అంత బిజీనా?" అని దెప్పుతారు.

కనుక చలానా సగం నడిపినవాళ్లకు, సగం ఫోన్ చేసినవాళ్లకు పంపాలని నా డిమాండ్. "బండి మీదున్న" అని విన్నాక కూడా పెట్టేయకుండా ఇంకో మాట అడిగితే మొత్తం వాళ్లదే. అందులోంచి పెరుగు ప్యాకెట్ ధర మినహాయించుకుంటామంటే మాకేం అభ్యంతరం లేదు.