పోరస్ విలుకాడి చేతిలో నడుమెత్తు విల్లా?

చిన్న బొమ్మలతో ఆడే యుద్ధ ఆట కోసం, క్రీ.పూ. 326లో అలెగ్జాండర్‌తో జరిగిన జీలం యుద్ధం నాటి పోరస్ సైన్యం కడుతున్నామంటూ బొమ్మలకి మొఘల్ దర్బారు తలపాగాలు, వంకర కత్తులు, బుడిపెల డాళ్లు పెట్టి బల్ల మీద నిలబెడితే ఒళ్లు మండుతుంది. దగ్గర దగ్గర 1,900 ఏళ్ల తేడా అది! గ్రీకు సైన్యం కట్టేటప్పుడు డాలు మీది గుర్తు ఏ నగరానిదో వారం రోజులు వెతికే మనుషులే, భారత సైన్యం దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటి అతికించేస్తారు. ఆధారాలు లేక కాదు. అలెగ్జాండర్ నౌకాదళ నాయకుడు నియార్కస్ కళ్లారా చూసి చెప్పినదాన్ని గ్రీకు చరిత్రకారుడు అరియన్ తన ‘ఇండికా’లో రాసిపెట్టాడు.

అందులో విల్లు మనిషంత ఎత్తు. కింది కొన నేలకి ఆనించి, ఎడమ పాదంతో అదిమిపెట్టి, నారిని బాగా వెనక్కి లాగి వదిలేవాళ్లు. బాణం 3 మూరలకి కాస్త తక్కువ. మన లెక్కలోకి తెస్తే, 28 మి.మీ. బొమ్మ (ఆ కొలత కళ్ల దాకానే) నెత్తి దాకా సుమారు 30 మి.మీ. ఉంటుంది కాబట్టి విల్లూ 30 మి.మీ. ఉండాలి. మూర 8 మి.మీ. అనుకుంటే బాణం 22, 23 మి.మీ. వస్తుంది. పర్షియన్ సైనికుల బొమ్మల పెట్టెలోంచి తీసిన పొట్టి విల్లు దీనికి పనికిరాదు.

విల్లుకి అగరుబత్తి పుల్లని మించింది లేదు. మసాలా కడిగేసి, పుల్లని నిలువునా చీల్చి, ఎమ్రీ పేపర్‌తో మధ్యలో 0.8, కొనల్లో 0.5 మి.మీ. మందానికి తేవాలి. పొడవు 32 మి.మీ. ఉంచండి, 2 మి.మీ. బేస్‌లోకి, అంటే బొమ్మ నిలబడే పీటలోకి, దిగుతుంది. వేడినీళ్లలో నాననిచ్చి, లావుపాటి మార్కర్ పెన్ను చుట్టూ దారంతో కట్టి రాత్రంతా వదిలేయండి. విప్పగానే వెదురు కొంత వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి కావలసినదానికన్నా ఎక్కువే వంచాలి. ఇత్తడి తీగ గట్టిదే, కానీ ఆటలో వేలు తగిలి వంగిన ప్రతిసారీ రంగు పెచ్చులూడుతుంది.

అందరూ తప్పు చేసేది చేతి దగ్గర. పెట్టెలో వచ్చే ఎడమ చెయ్యి భుజం ఎత్తులో ముందుకి చాచి ఉంటుంది. విల్లు నేలకి ఆనితే పిడికిలి దాని నడిమధ్యన, అంటే బేస్ నుంచి 15, 16 మి.మీ. ఎత్తులో, నడుం దగ్గర ఉండాలి. అందుకని చంక వైపు చిన్న ముక్క ఏటవాలుగా చెక్కేసి, చేతిని కిందికి దించి, ప్లాస్టిక్ సిమెంట్‌తో అతికించాలి. భుజం మీద తెరుచుకున్న సందుని గ్రీన్ స్టఫ్‌తో (పసుపు, నీలం ముద్దలు కలిపి వాడే పుట్టీ) పూడ్చండి. పిడికిలికి 0.8 మి.మీ. బెజ్జం ఒకే వైపు నుంచి వేస్తే డ్రిల్ బిట్ వేళ్లని చీల్చుకుని బయటికొస్తుంది. పైనుంచి సగం, కిందనుంచి సగం వేయాలి, అదీ మెల్లగా తిప్పుతూ. వెదురుకి ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు, సూపర్ గ్లూనే వాడాలి.

పంచెకట్టుకి గ్రీకు పొట్టి అంగీ ఉన్న బొమ్మ వద్దు. చొక్కా లేకుండా ప్యాంటు తొడుక్కున్న గాల్ సైనికుడి బొమ్మ తీసుకుంటే సగం పని తగ్గుతుంది. పసుపు, నీలం పుట్టీ సమపాళ్లలో కలిపి, తడి పలక మీద అర మిల్లీమీటరు పల్చగా వత్తి, ఓ అరగంట ఆగండి. కలిపిన వెంటనే చుట్టితే జిగురుగా సాగి చిరుగుతుంది. మందంగా పెడితే సైనికుడికి పొట్ట వస్తుంది. పంచె మోకాలు దాటి పిక్క సగం దాకా రావాలి. ఉత్తరీయం కొంత భుజాల మీద, కొంత తలకి. ఆ తలకట్టు గుడ్డ చుట్టినట్టుండాలి, కలికితురాయి పెట్టిన పాగాలా కాదు.

డాలు పచ్చి ఎద్దుతోలుది, మనిషికన్నా సన్నం, దాదాపు అంతే పొడవు. అర మి.మీ. ప్లాస్టిక్ షీటులో 10 × 27 మి.మీ. కోస్తే చాలు. రంగు ఎద్దు రంగే: గోధుమ, తెలుపు, నలుపు మచ్చలు.

నూలు బట్టకి తెల్ల రంగు సీసాలోంచి నేరుగా వేస్తే సున్నం కొట్టినట్టుంటుంది. ముందు లేత గోధుమ కలిసిన బూడిద రంగు, మడతల్లో గోధుమ వాష్ (నీళ్లలా పల్చటి రంగు), ఎత్తులమీద మాత్రమే పాలతెలుపు. ఒంటిరంగుకి కనీసం మూడు మిశ్రమాలు కలుపుకోండి, పటాలమంతా ఒకే చాయలో ఉండదు. గడ్డాలకి తెలుపు, ముదురు నీలం, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ వేసుకునేవాళ్లని నియార్కసే చెప్పాడు. ఇంత మంచి అవకాశం ఇచ్చినా అన్ని గడ్డాలకీ నల్ల రంగే వేస్తే ఎలా?

ఏనుగు మీద అంబారీ పెట్టకండి, దయచేసి. మెగస్తనీస్ లెక్క మావటి, ముగ్గురు విలుకాళ్లు, అంతే. సాంచీ శిల్పాల్లో చూడండి, వీపు మీదే కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చుంటారు. కాబట్టి గుర్రపు రౌతుల కాళ్లు తీసుకుని, తొడల మధ్య ఎడం పెంచి అతికించాలి. ఏనుగు ఆసియాదేనా అన్నది ముందు చూసుకోండి: చిన్న చెవులు, నుదుట రెండు గుబ్బలు, పైకి ఉబ్బిన వీపు. చెవి అంచులకీ తొండం మొదట్లోకీ గులాబీ మచ్చలు చుక్కలు చుక్కలుగా అద్దితే ప్రాణం వస్తుంది.

మ్యాట్ వార్నిష్ స్ప్రే మాత్రం ముసురు రోజున కొట్టకండి. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. గాలిలో తేమకి తెల్లటి పొర కమ్మేసి పనంతా పాడవుతుంది. బ్రష్‌తో వేసే వార్నిష్ పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒక రాత్రి ఆరనిచ్చి.