నట్టింటి పిల్లర్ తీసేయమని స్టెల్లా క్రామ్రిష్ చెప్పలేదు

హనుమకొండ, కాజీపేట గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్: "జర్మన్ పండితురాలు స్టెల్లా క్రామ్రిష్ రామప్పను చూసి, గుడైనా ఇల్లైనా 64 గడుల మండలం మీదే కట్టాలని నిరూపించింది. ఇంటి నడుమ పిల్లరుంటే అరిష్టం, తీసేయండి." చదువుకున్నోళ్లే పంపుతున్నారు!

భారతీయ కళాచరిత్ర రాసిన ఈమె జర్మన్ కాదు. మొరావియాలో (ఇప్పటి చెక్ దేశంలో) పుట్టి, వియన్నాలో చదివి, 1924 నుంచి 1950 దాకా కలకత్తా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. రామప్ప సంగతంటారా, అక్కడ రంగమంటపం నడిమి కప్పును మోసేవే నాలుగు నల్లరాతి స్తంభాలు. అవీ అరిష్టమేనా?

మండలమంటే స్థలాన్ని గడులుగా విభజించే పటం. 64 గడుల లెక్క వరాహమిహిరుడి పాత గ్రంథం బృహత్సంహితలో గుడికి చెప్పింది. ఇంటికి ముందు చెప్పింది 81, 64 రెండో పద్ధతి మాత్రమే. గుడి వెడల్పులో సగం గర్భగుడి, మిగతాది గోడలు. ద్వారం వెడల్పు గర్భగుడిలో పావు, ఎత్తు దానికి రెట్టింపు. గుడి 24 అడుగులైతే గర్భగుడి 12, ఇరువైపులా గోడలు ఆరేసి అడుగులు, ద్వారం మూడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. 200 గజాల్లో ఆరడుగుల మందం గోడలు లేపి ఎక్కడ పడుకుంటారు?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 1946 నాటి "ది హిందూ టెంపుల్"లో ఆమె మండలానికి మోయలేనంత బరువిచ్చారు, టేపు కన్నా గ్రంథాలనే ఎక్కువ నమ్మారు. గుళ్లను కొలిచి ఆ లెక్క సరిచూసింది తర్వాత కళాచరిత్రకారుడు మైఖేల్ మైస్టర్ లాంటివాళ్లు. అయినా ఆమె రాసింది గుడి గురించి, మీ డూప్లెక్స్ గురించి కాదు.

ఇక పిల్లర్. మూడు వరసల్లో మూడేసి, మొత్తం తొమ్మిది పిల్లర్ల ఇంట్లో మూలది స్లాబు బరువులో దాదాపు పదహారో వంతు మోస్తే, నడిమిది నాలుగో వంతు మోస్తుంది. దాని మీద బీములో పెద్ద చువ్వలు పైభాగాన ఉంటాయి, ఎందుకంటే అక్కడ లాగుడు (బీమును సాగదీసే బలం) పైన. పిల్లర్ కొట్టేస్తే బీము పొడవు రెట్టింపై, లాగుడు కిందికి మారుతుంది. అక్కడ చువ్వలు తక్కువ. ముందు బీము అడుగున పగులు, తర్వాత స్లాబు కుంగడం. ఏ వాస్తు పండితుడొచ్చి మోస్తాడు దాన్ని?

పిల్లర్ కొట్టడం మొదలుపెట్టినవాళ్లు వెంటనే ఆపండి. పైఅంతస్తులో ఉన్నవాళ్లను కిందికి దించి, ఇంటి బయటికి పంపండి. నాలుగు వైపులా బీముల కింద గట్టి నేల మీద జాకీలు నిలబెట్టించి, మేస్త్రీని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.