హరిశ్చంద్రుడికి ఎన్ని పాయింట్లు?

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఫ్లాటులో గత మూడు శనివారాలుగా ఆట సవ్యంగా సాగడం లేదు. ఆటకు నియమాలు ఏ లోకానివై ఉండాలన్న వాదం సాగుతున్నది. వాదించేది ఐదుగురం, భోజనాల బల్ల ఒకటి, బిర్యానీ ప్యాకెట్లు ఐదు. ఈ వివాదంలో నేను పూర్తిగా తటస్థుడినని మొదటే మనవి చేసుకుంటున్నాను. బల్ల నాది, అద్దె అగ్రిమెంటు నా పేరు మీద ఉన్నది, వివాదానికి మూలమైన రెండు సంపుటాల నియమావళిని కొన్నది నేను, కొన్నదానిని వెనక్కి తీసుకోబోమని దుకాణంవారు చెప్పినదీ నాకే. ఇంతకన్నా నిష్పాక్షికంగా తీర్పు చెప్పగలవాడు సిల్కు బోర్డు నుంచి హెబ్బాళ దాకా వెతికినా దొరకడు.

రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే తెర, రంగు, హార్మోనియం లేని నాటకం. అందులో సూత్రధారిని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవారు తలా ఒక పాత్ర పట్టుకుని, కూర్చున్న చోటు నుంచి కదలకుండానే ‘నేను కోటగోడ ఎక్కుతున్నాను’ అని ప్రకటిస్తారు. ఎక్కాడా, జారాడా అన్నది పాచికలు చెబుతాయి. పాచికలు ఏమి చెప్పాయో నియమావళి చెబుతుంది. ఆ నియమావళి ఒకే కథాలోకానికి కట్టుబడి ఉండాలా, లేక ఏ లోకంలోకి తీసుకుపోయినా చెల్లేటట్లు ఉండాలా అన్నదే ప్రశ్న.

చెల్లేటట్లు ఉండాలన్నది నా తటస్థ అభిప్రాయం. నేను కొన్న ఆట పేరు గర్ప్స్. స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ దానిని 1986లో తెచ్చింది. ఆ పొడి అక్షరాలను విప్పి తెలుగు చేస్తే ‘సామాన్య సార్వత్రిక పాత్రధారణ క్రీడా విధానం’ అవుతుంది, అంటే పేరులోనే సామాన్యమూ ఉన్నది, సర్వమూ ఉన్నది. మామూలు ఆరు ముఖాల పాచికలు మూడు చాలు. మొత్తం మీ నైపుణ్యపు అంకెకు మించకపోతే పని జరిగినట్టు. రోమన్ సైనికుడు ఈటె విసిరినా, అంతరిక్షనౌక నడిపేవాడు గ్రహశకలాన్ని తప్పించినా, బీఎంటీసీ కండక్టరు చిల్లర లేదని నమ్మించినా లెక్క ఒకటే. ఇటువంటి సమదృష్టి వేదాంత గ్రంథాలలో చదివాను గాని పాచికలలో చూడడం ఇదే మొదటిసారి.

మన సంప్రదాయం కూడా నా పక్షానే ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పటి నుంచి సురభి కుటుంబాలవారు తెరలు చుట్టుకుని ఊరూరా తిరిగారు. రాజాస్థానం తెర ఒక్కటి దించితే అది ఇవాళ విరాటుడి కొలువు, రేపు హరిశ్చంద్రుడి అయోధ్య. ప్రేక్షకులలో ఎవరూ లేచి ‘ఈ స్తంభాలు నిన్న మత్స్యదేశంలో చూశామే’ అని అడగలేదు. ఈ దృష్టాంతం చెప్పి నేను విజయగర్వంతో బల్ల చుట్టూ చూస్తుండగా చిత్తూరు మిత్రుడు, “తెర ఒకటేలే అన్నా, పద్యం కూడా ఒకటేనా?” అన్నాడు. ప్రశ్న అప్రస్తుతమైనందువల్లను, ఆ సమయానికి బిర్యానీ వచ్చినందువల్లను నేను జవాబు చెప్పలేదు.

అతడి వాదం ఏమిటంటే, లోకం లేని నియమం ఉండదు, లోకాన్ని దాచుకున్న నియమమే ఉంటుంది. దీనికి అతడు 1974 నుంచి సాక్ష్యాలు తీసుకువచ్చాడు. ఆ ఏడు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, నేలమాళిగలోంచి పైకి తెచ్చుకున్న ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు వస్తుంది. పాయింట్లు పోగుపడితే పాత్ర మెట్టు ఎక్కుతుంది. దానిని ఏ ఊరికైనా వాడుకోవచ్చునని నేనన్నాను. అయితే పోతనకు వాడి చూడమన్నాడు. కావ్యాన్ని రాజుకు అంకితమివ్వనని పొలం దున్నుకున్న పోతన ఆ లెక్కన చచ్చేదాకా మొదటి మెట్టు మీదే ఉంటాడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల చేత కనకాభిషేకం చేయించుకున్న శ్రీనాథుడు ఒక్క మధ్యాహ్నంలో ఏ పదో మెట్టో ఎక్కి కూర్చుంటాడు. సాహిత్య చరిత్రలో ఇలా అనుకున్నవారు లేకపోలేదని నేను గుర్తు చేశాను. కాని బల్ల దగ్గర ఎవరికీ నవ్వు రాలేదు.

అదే ఆట పాత కూర్పులలో మాంత్రికుడు పొద్దున్నే మంత్రం కంఠస్థం చేయాలి. ఒకసారి ప్రయోగించాడా, అది బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఇది జాక్ వాన్స్ అనే రచయిత కథల నుంచి వచ్చిన పద్ధతి. అంటే ఎక్కడో ఒక కథలోని మాంత్రికుల మతిమరుపు, కోట్లమంది ఆడే ఆటకు ప్రకృతిధర్మమై కూర్చున్నది. పరశురాముడి శాపం వల్ల కర్ణుడు ప్రయోగించే ముందే అస్త్రాన్ని మరిచాడు, వీళ్ళు ప్రయోగించాక మరుస్తారు. తేడా అంతేనని నేను సమన్వయం చేశాను. “కర్ణుడిది శాపమండీ, వీళ్ళది ఉద్యోగం,” అన్నది పక్క ఫ్లాటు అమ్మాయి. ఆమె బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి. కన్నడ యాసలో తెలుగు మాట్లాడుతుంది గనుక ఆమె ఆక్షేపణను యాస సవరించుకున్నాక పరిశీలిస్తానని చెప్పాను.

ఇక 1978లో రూన్‌క్వెస్ట్ వచ్చింది. అది గ్లోరాంథా అనే కల్పిత లోకానికి పుట్టిన ఆట. 1980లో దానిని వేసిన సంస్థే ఆ నియమాలలోంచి లోకాన్ని తీసివేసి, మిగిలిన దానికి ‘బేసిక్’ అని పేరు పెట్టి చిన్న పుస్తకం వేసింది. ఇదిగో నా గెలుపు అనుకున్నాను. అంతలో 1981 వచ్చింది. ఆ ఎముకల మీదే లవ్‌క్రాఫ్ట్ భయానక కథల లోకాన్ని కప్పి కాల్ ఆఫ్ కథూలూ తెచ్చినప్పుడు వారు ఒక కొత్త లెక్కను కలపవలసి వచ్చింది. అది మనోస్థైర్యపు లెక్క. చూడరానిది చూస్తే మతి తరుగుతుంది; ఆ రహస్యాల గురించి తెలిసినకొద్దీ మతికి ఉండగల గరిష్ఠ హద్దే కిందికి దిగుతుంది. జ్ఞానం పెరిగితే పిచ్చి పెరిగే లోకమన్నమాట. గుంటూరు మిత్రుడికి ఇది అసలు మింగుడుపడలేదు. వాళ్ళ ఊళ్ళో కొరివిదెయ్యాన్ని చూసినవాడు ఆ రాత్రి విభూతి పెట్టించుకుని తెల్లవారి నాట్లకు పోయాడట. పైగా చూసినందుకు ఊళ్ళో గౌరవం పెరిగిందట. అతడికి ఏ అంకె తగ్గించాలో పుస్తకంలో లేదు.

1985 నాటి పెండ్రాగన్ గురించి వేగంగా దాటిపోదామనుకున్నాను, చిత్తూరు మిత్రుడు పోనివ్వలేదు. ఆర్థర్ రాజు కథలకు గ్రెగ్ స్టాఫోర్డ్ రాసిన ఆట అది. అందులో దయ-క్రౌర్యం, వినయం-గర్వం వంటి జంట గుణాలు 13 ఉంటాయి. ప్రతి జంట మొత్తం 20, ఒకటి పెరిగితే రెండోది దిగుతుంది. సాహసం మామూలుగా ఏడాదికి ఒక్కటే. చలికాలం వచ్చేసరికి ఇంటికి చేరి పంట ఎంత, పెళ్ళి కుదిరిందా, బిడ్డ నిలిచిందా అన్న లెక్కలు చూసుకోవాలి. వీరుడు ముసలివాడవుతాడు, కొడుకు కత్తి అందుకుంటాడు. ఆర్థర్ పేరు పుస్తకమంతా కొట్టివేసినా ఆర్థర్ కథే బయటికి వస్తుందని మిత్రుడి ప్రశంస. ఇది ఎంత పరిమితమైన ఆటో అతడు గ్రహించడం లేదు. దీనితో అంతరిక్షనౌక నడపడం సాధ్యమా? నడపవలసిన అవసరం మాకెవరికీ ఇంతవరకు రాలేదు. అది వేరే విషయం.

నిజాయితీ కోసం నా పక్షంలోని ఒక చిన్న చిక్కును కూడా చెప్పాలి. ఏ లోకానికీ కట్టుబడని గర్ప్స్‌కు జపానుకు ఒక పుస్తకం, రోముకు ఒక పుస్తకం, అంతరిక్షానికి ఒక పుస్తకం అంటూ అనుబంధాలు వెలువడుతూ వచ్చాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా 1991లో ఇనుము అరుదైన, దేవుళ్ళు లేని డార్క్ సన్ అనే ఎడారిలోకి పోయి, అక్కడ ఎముక కత్తికి, రాతి గొడ్డలికి వేరే నియమాలు రాసుకున్నది. లోకంతో పనిలేని నియమావళికి లోకానికొక పుస్తకం ఎందుకని అడిగేవారుంటారు. వారికి నా అద్దె అగ్రిమెంటు చూపిస్తాను. 11 నెలల గడువు దేశంలో ఎక్కడైనా చూస్తాం, అది మూలసంపుటం. పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టాలన్నది, ఖాళీ చేసేటప్పుడు గోడల రంగుకని ఒక నెల కోసుకుంటారన్నది బెంగళూరు అనుబంధం. మూలసంపుటం మాత్రమే చదివి మెజెస్టిక్‌లో బస్సు దిగినవాడి గతి ఏమవుతుందని మిత్రుడు అడిగాడు. నా గతే అయింది, కాని సూత్రం సూత్రమే.

మాటలతో తేలదని, రెండో శనివారం సత్యహరిశ్చంద్రుడి కథను నా నియమావళితో ఆడించాను. ఇందులో పాత్రను పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి. బలం, సంపద, కత్తిసాము వంటివాటికి పాయింట్లు ఖర్చవుతాయి. లోపాలు పెట్టుకుంటే పాయింట్లు తిరిగి వస్తాయి. గుంటూరు మిత్రుడు లోపాల జాబితా తెరిచాడు. సత్యవాదిత్వం లోపం, 5 పాయింట్లు వాపసు. చట్టం జవదాటని నిజాయితీ లోపం, 10 వాపసు. దానగుణం లోపం, 15 వాపసు. పదినిమిషాలలో హరిశ్చంద్రుడు నఖశిఖపర్యంతం లోపభూయిష్ఠుడై, వచ్చిన 30 పాయింట్లతో మహా సంపన్నుడూ భయంకరమైన ఖడ్గవీరుడూ అయ్యాడు. ఇది నియమావళి తప్పు కాదు. సత్యం పలకడం వల్ల నష్టం కలుగుతుందని అమెరికాలో కూర్చుని కనిపెట్టగలిగారంటే అది సార్వత్రికం కాక మరేమిటి?

విశ్వామిత్రుడు వచ్చాడు. మాట ఇవ్వలేదని ఒక్క ముక్క అను, విడిచిపెడతానన్నాడు. పుస్తకం ప్రకారం సత్యవాది తన సత్యాన్ని కాసేపు అదుపులో పెట్టుకోగలడా అన్నది పాచికలతో తేల్చాలి. మామూలు మోతాదు సత్యవాది అంకె 12. పచ్చి అబద్ధమైతే అందులోంచి 5 తీసివేయాలి. మూడు పాచికల మొత్తం 7గాని అంతకు తక్కువగాని పడితే అబద్ధం వస్తుంది. 216 రకాల పాట్లలో అలా పడేవి 35. అంటే హరిశ్చంద్రుడు ఆరింట ఒకసారి బొంకగలడు. మిత్రుడు పాచికలు వేశాడు, 6 పడింది. “ఇవ్వలేదు,” అన్నాడు హరిశ్చంద్రుడు. కథ అక్కడితో అయిపోయింది. కాశీ రాలేదు, కాటికాపరి రాలేదు, వెంటపడడానికి మనిషి లేక నక్షత్రకుడు నిరుద్యోగి అయ్యాడు. గడియారం చూస్తే ఎనిమిదీ ఇరవై. కేఆర్ పురం నుంచి రావలసిన ఐదో మిత్రుడు ఇంకా టిన్ ఫ్యాక్టరీ దగ్గరే ఉన్నాడు.

పరిష్కారం పుస్తకంలోనే ఉన్నది. 12కు బదులు 6 అంకె పెట్టుకుంటే, అందులోంచి 5 పోగా 1 మిగులుతుంది. మూడు పాచికలతో 1 పడదు గనుక అబద్ధం అసాధ్యం. కాకపోతే ఆ మోతాదు సత్యానికి రెట్టింపు పాయింట్లు వాపసు వస్తాయి. మిత్రుడు అలా అదనంగా వచ్చిన 5 పాయింట్లు కూడా కత్తిసాములోనే పెట్టాడు. ఈసారి హరిశ్చంద్రుడు అబద్ధమాడలేదు. విశ్వామిత్రుడిని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు, గెలిచాడు.

మూడో శనివారం చిత్తూరు మిత్రుడు చేత్తో రాసిన నాలుగు పేజీలు తెచ్చాడు. హరిశ్చంద్రుడి కథకు తప్ప మరి దేనికీ పనికిరాని నియమాలు. అందులో సత్యానికి పాచికలే లేవు. మాట నిలబెట్టుకున్న ప్రతిసారీ హరిశ్చంద్రుడు తనది ఒకటి పోగొట్టుకోవాలి; ఏది పోవాలో, ఎలా పోవాలో తన నోటితోనే చెప్పాలి. నక్షత్రకుడికి ఒక పేజీ మొత్తం కేటాయించాడు: అతడు ఎప్పుడైనా, ఎవరు మాట్లాడుతున్నా, భోజనం మధ్యలోనైనా ‘బాకీ సంగతేమిటి?’ అని అడగవచ్చు. అడిగినప్పుడల్లా జవాబు చెప్పి తీరాలి. రెండు గంటలు గడిచాక కాటిలో చంద్రమతి పాత్ర పట్టిన పక్క ఫ్లాటు అమ్మాయి, కొడుకును దింపి నిలబడ్డానన్నది. కాటిసుంకం అడగాలి. వారం కిందట విశ్వామిత్రుడిని కత్తికి బలి ఇచ్చి నవ్విన గుంటూరు మిత్రుడు నోరు తెరిచి, మూసుకుని, ఐదు నిమిషాల దాకా ఏమీ అనలేకపోయాడు. బిర్యానీ చల్లారిపోయింది. నా నియమావళిలో ఇది ఒక్క పాచికల పాటుతో తేలిపోయే విషయం.

ఆ నాలుగు పేజీలను తీసుకుని లోకకల్యాణార్థం సార్వత్రికం చేయడానికి పూనుకున్నాను. హరిశ్చంద్రుడిని, కాశీని, కాటిని కొట్టివేశాను. అరపేజీ మిగిలింది: ఒకడు మాట ఇస్తాడు, నిలబెట్టుకున్నప్పుడల్లా ఒకటి పోతుంది, మరొకడు అడుగుతూ ఉంటాడు. కథాలోకాలు ఎంత కాగితం వృథా చేస్తాయో దీనివల్ల స్పష్టమవుతున్నది. ఓడదొంగల కథతో పరీక్షించాను. ఓడదొంగ మాట ఇచ్చాడు. ఎందుకిచ్చాడని అడిగారు, అరపేజీలో లేదు. నిలబెట్టుకోకపోతే ఏమవుతుందన్నారు, అదీ లేదు. ఓడదొంగ ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు.

చిత్తూరు మిత్రుడు తన కాగితాలు తిరిగి ఇమ్మన్నాడు. సోమవారం ఇస్తానని మాట ఇచ్చాను. కొట్టివేతలు కనిపిస్తాయేమోనని ఇంకా ఇవ్వలేదు. అప్పటి నుంచి గుంటూరు మిత్రుడు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి ‘బాకీ సంగతేమిటి?’ అని అడుగుతున్నాడు. నేను ఆఫీసులో ఉన్నాను, ఆ నియమం ఆ కథలోనే చెల్లుతుంది, ఇక్కడ చెల్లదని నచ్చజెప్పి చూశాను. నియమాలు ఏ లోకంలోనైనా చెల్లాలన్నది నువ్వే కదా అన్నా, అంటున్నాడు.