నాన్నగారి డిప్రెషన్, బాబాయి ధాన్యం

మా చుట్టాల్లో దిగులు పడటం ఎప్పుడో మానేశారు. బస్సు రాకపోతే టెన్షన్. శుభలేఖలో పేరు కిందకి పోతే ఫీలవడం. పెళ్ళిలో రెండోసారి కాఫీ అడగకపోతే హర్టవడం. కోపానికైతే ఏకంగా జబ్బు పేరే పెట్టేశాం, బీపీ అని. "నాకు బీపీ తెప్పించకండి" అని అరిచే మా మేనత్తకి డాక్టరు రాసిచ్చిన బీపీ కూడా ఉంది. ఏ పూట ఏది వస్తుందో మావయ్యకే తెలియదు.

వీటన్నిట్లోకీ ప్రమాదకరమైంది అప్‌సెట్. మిగతావి మనసుతో పోతాయి, దీనికి కడుపు కూడా ఉంది.

మే నెలలో ఓ పొద్దున మా నాన్నగారు ఆవకాయ కాయల కోసం రాజమండ్రి మార్కెట్‌కి వెళ్ళారు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి, దేన్నీ ఊరికే నమ్మరు. కాయ కాయకీ గోరు గిచ్చి, పులుపు చూసి, పీచు చూసి పాతిక ఏరారు. కత్తిపీట దగ్గరున్న కుర్రాడు మాత్రం ఫోన్లో మాట్లాడుతూ టకటకా కొట్టేశాడు. ఇంటికొచ్చి సంచి బోర్లిస్తే సగం ముక్కలకి టెంక లేదు!

ఆవకాయ తెలిసినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. టెంక లేని ముక్క నాలుగు నెలలు తిరక్కుండా మెత్తబడిపోతుంది, తర్వాత జాడీలో మిగిలేది గుజ్జే. నాన్నగారు ఒక్కో ముక్కనీ అటూ ఇటూ తిప్పి చూసి, కండువా భుజాన వేసుకుని, వెళ్ళి వీధరుగు మీద కూర్చున్నారు. భోజనానికి రమ్మంటే "మీరు తినండి" అన్నారు.

అమ్మ ముక్కలు తుడుస్తూనే, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కాకినాడలో ఉన్న పిన్నికి చెప్పింది. "మీ బావగారు బాగా అప్‌సెట్ అయ్యారే. అన్నం కూడా ముట్టలేదు."

పిన్నికి కడుపే తట్టింది. "వాము నీళ్ళు పట్టించక్కా, మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టకు" అంది. ఆవపిండి కొలతలో పడిన అమ్మ "సరే" అంది. ఆ ఒక్క సరే పట్టుకుని పిన్ని మా మేనత్తకి ఫోన్ చేసింది. "మీ అన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదటండీ, డల్‌గా ఉన్నారట." మేనత్త డల్ దగ్గర ఆగే మనిషి కాదు. అమలాపురంలో ఉన్న బాబాయికి చేసి "డిప్రెషన్ రా!" అంది.

"డిప్రెషనా? టీవీలో చెప్పలేదే! ధాన్యం ఇంకా కళ్ళంలోనే ఉంది!" అని బాబాయి ఫోన్ పెట్టేశాడు. 1996 నవంబరు తుపానులో కొబ్బరితోట పోగొట్టుకున్న మనిషి. ఆయన లెక్కలో డిప్రెషన్ బంగాళాఖాతంలో పుడుతుంది, మనుషుల్లో కాదు. ఆయన టార్పాలిన్లు కప్పడం చూసి పక్క కళ్ళాలవాళ్ళూ కప్పేశారు. పైన ఎండ మాడ్చేస్తోంది.

మేనత్త మళ్ళీ చేసి "వాన కాదురా, అన్నయ్యకి!" అనేసరికి ఆయనకి నిజంగా కాళ్ళాడలేదు. డాలస్‌లో ఉన్న కొడుకుని తెల్లవారుజామున నిద్రలేపాడు. వాడు నాకు చేసి మొదట అడిగిన మాట: "అన్నయ్యా, పెదనాన్నకి స్టెంట్ వేశారా?"

సంగతి చెబితే నాన్నగారు అరుగు మీంచి కదలకుండానే అన్నారు. "440 వోల్టులు వదిలితే ఊరు దాటేసరికి 11 కేవీ అయింది. ఇన్ని ట్రాన్స్‌ఫార్మర్లు మన చుట్టాల్లోనే ఉంటే, అన్ని సబ్‌స్టేషన్లు ఎందుకు కట్టామో!"

సాయంత్రానికి మేనత్త దిగింది. రెండు డజన్ల బత్తాయిలు, బ్రెడ్డు, కొబ్బరిబొండాలు, బీపీ మెషిన్. గుమ్మంలోనే నాన్నగారి జబ్బకి పట్టీ చుట్టింది. 126, 80. మెషిన్ పాడైందేమోనని తనకి చుట్టుకుంది. 170, 100. ఆమెని నాన్నగారి మంచం మీదే పడుకోబెట్టి, ఆయన కోసం తెచ్చిన బొండాం ఆమెకే కొట్టి ఇచ్చాం. "అన్నయ్య తాగాడా?" అని అడుగుతూనే తాగింది.

చీకటి పడ్డాక బాబాయి బండి మీద వచ్చాడు. అన్నయ్య ఎదురుగా నిక్షేపంలా ఉండటం చూసి, ఏం మాట్లాడాలో తోచక భోజనానికి కూర్చున్నాడు. అమ్మ కొత్తావకాయ వేసింది. కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని, ముక్క కొరికి ఆగిపోయాడు.

"అన్నయ్యా, టెంకేదీ?"

నాన్నగారు గభాల్న లేచి నిలబడ్డారు. "అదీ! పొద్దుట్నించీ ఒక్కరడిగారా ఆ మాట?"

"ఏ కొట్టు?" అన్నాడు బాబాయి, చెయ్యి కడుక్కుంటూ.

ఇద్దరూ చొక్కాలు తొడుక్కుని మార్కెట్‌కి బయల్దేరారు. రాత్రి తొమ్మిదింటికి కత్తిపీట కుర్రాడు అక్కడెందుకుంటాడని ఒక్కరికీ తట్టలేదు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి చూసి, లోపలికొచ్చి, "అన్నదమ్ములిద్దరూ అప్‌సెట్ అయ్యారని పిన్నికో మాట చెబుతా, నా ఫోనేది?" అంటూ వెతకడం మొదలుపెట్టింది.

నేను అప్పటికే దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేశాను.