సవరణ: స్కాట్లండ్ రేంజర్ అరెస్టు చేయడు

స్కాటిష్ కంట్రీసైడ్ రేంజర్స్ అసోసియేషన్ గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. అంతర్జాతీయ రేంజర్ సమాఖ్య 2007లో పుట్టిందన్నాం. కాదు, 1992 జూలై 31న. ఈ స్కాటిష్ సంఘం, ఇంగ్లండ్-వేల్స్ రేంజర్ల సంఘం, అమెరికా నేషనల్ పార్క్ రేంజర్ల సంఘం కలిసి దాన్ని పెట్టుకున్నాయి. 2007లో మొదలైంది ప్రపంచ రేంజర్ దినోత్సవం.

రెండోది పెద్ద తప్పే. రేంజర్ అనగానే మన ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ని ఊహించుకుని, అరెస్టు చేస్తారని రాసేశాం. అక్కడి కంట్రీసైడ్ రేంజర్‌కు మామూలుగా ఆ అధికారం ఉండదు. 2003 భూసంస్కరణ చట్టం జనానికి ఇచ్చిన సంచార హక్కు, అంటే చాలావరకు భూముల్లో బాధ్యతగా తిరిగే హక్కు, ఎంతవరకో చెప్పి, ఒప్పించడమే పని. ఉదాహరణకు, సందర్శకులు పీట్ నేల మీద మంట వేశారనుకోండి, పైన నీళ్లు చల్లితే చాలదు. సగం కుళ్లిన నాచుతో ఏర్పడ్డ నేల కదా, లోలోపల రాజుకుంటూనే ఉంటుంది. తవ్వి, తడిపి, వేడి తగ్గిందో లేదో చూడాలి. సందర్శకులు మాట వినకపోతే రేంజర్ పోలీసులకు ఫోన్ చేయడమే.