అర పాయింటు దానం

చెన్నై టి.నగర్‌లోని ఒక కల్యాణమంటపంలో జరిగిన చదరంగం పోటీలో మొన్న ఒక మహాదానం జరిగింది. 2010 రేటింగు (ఆటగాడి బలాన్ని కొలిచే అంకె) గల పెద్దమనిషి 1610 రేటింగు గల పదకొండేళ్ల తెలుగు పిల్లవాడికి డ్రా 'ఇచ్చేశారు'. బల్లల చుట్టూ మూగే మనవాళ్ల వ్యాకరణంలో బలవంతుడు డ్రా ఇస్తాడు, బలహీనుడు పుచ్చుకుంటాడు. 'సాధించు' అనే క్రియకు అక్కడ చోటు లేదు.

ఆ ఔదార్యం ఎటువంటిదో చూడండి. దాతగారికి చివరకు మిగిలినవి తెల్లగడులపై మాత్రమే తిరిగే శకటు, హెచ్ వరుసలో ఒక బంటు. ఆ బంటు మంత్రి కావలసిన మూలగడి నల్లది. పిల్లవాడి రాజు ఆ మూలలోనే కాపురం పెట్టాడు, శకటుకేమో జన్మలో ఆ గడి అందదు, ఇక గెలుపు లేనట్టే. అయినా దాతగారు పెళ్లిపందిట్లో పోయిన చెప్పు కోసం తిరిగే చుట్టంలా శకటును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూనే ఉన్నారు. ఎత్తుకు 30 సెకన్ల చొప్పున గడియారం ఇద్దరికీ కాలాన్ని జమ వేస్తూ ఉండగా, అవతల వంటవాళ్లు సాంబారు గుండిగలు తోమి బోర్లించారు. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా 50 ఎత్తులు నిండాయని, ఇక డ్రా అడగవచ్చని లెక్కపెట్టుకుని, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను (ఆట న్యాయనిర్ణేతను) పిలిచినవాడు పిల్లవాడే. దాత గుప్పిట విప్పి తీసుకోవలసి వచ్చిన దానమన్నమాట!

ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే చిట్టా ప్రకారం రేటింగులో 400 తేడా ఉన్నప్పుడు బలవంతుడి నుంచి ఆశించేది 0.92 పాయింటు. అరతో సరిపెట్టుకున్నందుకు దాతగారికి 8.4 రేటింగు కోత పడితే, పిల్లవాడి ఖాతాలో 16.8 చేరుతుంది. ఇచ్చినదానికి రెట్టింపు ముట్టే ఇటువంటి దానం కర్ణుడికి కూడా చేతకాలేదు.

డ్రాను నిలబెట్టుకోవడం అంత తేలికైతే, 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును తప్పుగడిలో పెట్టేవారు కారు, మన చెన్నై గుకేశ్ ఆనాడు ప్రపంచ విజేత అయ్యేవాడూ కాదు.

హాలు బయట తండ్రి, "చిన్నపిల్లాడివని వదిలేశార్రా, వెళ్లి థాంక్స్ చెప్పిరా" అన్నాడు. ఏ నోటితో అన్నావయ్యా ఆ మాట? కాళ్లు నేలకు అందని కుర్చీలో నాలుగు గంటలు కూర్చుని, ఆకలిని ఓర్చుకుని, ఒక్క ఎత్తు తప్పకుండా నీ కొడుకు సంపాదించుకున్నదాన్ని, ఆట రాని నువ్వు ఒక్క ముక్కలో బిచ్చం చేశావు. వాడు నోరు విప్పి కాదనలేదు, తలవంచుకుని వెళ్లి చెప్పాడు.

దాతగారు కృతజ్ఞతలు స్వీకరించారు.